ఈ ఆస్టిన్ సెవెన్ ప్రకటన ఏ ఏడాదిది? చూసి చెప్పగలరా (పాత బ్రిటిష్ చిన్న కార్ల యాడ్స్)

సుజాత_పాతకాగితాలు
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అల్లికల పుస్తకాలని చెప్పి ఒక కట్ట కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే మధ్యలో విడి కాగితం ఒకటి దొరికింది. ఏదో ఇంగ్లిష్ పత్రిక నుంచి చింపిన పేజీ, నున్నటి కాగితం, ఒక పక్క కొద్దిగా చెద తిన్నది. మీద ఎర్రటి బుల్లి కారు, పక్కన ఒక కుటుంబం, పిల్లలు, పెట్టెలు. పేరు ఆస్టిన్ సెవెన్ అని ఉంది, అయితే ఇంగ్లిష్‌లో సెవెన్ అని రాసేటప్పుడు మధ్యలో "వి" అక్షరం ఉండాల్సిన చోట 7 అంకె వేశారు. కింద ధర 350 పౌండ్లు, దానికి పన్ను 146 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు అని ఉంది. పత్రిక పేరు, తేదీ ఉండే అడుగు అంచు ఎవరో కత్తిరించేశారు.

వెతికితే ఆస్టిన్ సెవెన్ 1922లో వచ్చిందని ఉంది. కానీ ఈ బొమ్మలో కారు చూస్తే అచ్చం మినీలా ఉంది! వందేళ్ల నాటి కాగితం దొరికిందని మా ఇంట్లో అందరికీ చెప్పేశాను, ఇప్పుడు అనుమానం వచ్చి నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బర్మింగ్‌హామ్_శ్రీను
సుజాత గారూ, మీ అనుమానం కరెక్టే, అది మినీయే. ఆ పేరుతో రెండు కార్లున్నాయి. మొదటిది 1922 నాటిది, సర్ హెర్బర్ట్ ఆస్టిన్ తన ఇంట్లోని బిలియర్డ్స్ గదిలో స్టాన్లీ ఎడ్జ్ అనే 18 ఏళ్ల డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాణ్ని కూర్చోబెట్టుకుని గీయించింది. రెండోది 1959 ఆగస్టు 26న విడుదలైంది. అప్పటికి ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లోనే ఒకటై బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) అయిపోయాయి, కానీ డీలర్లు మాత్రం వేర్వేరుగానే ఉన్నారు, ఎవరి షోరూమ్ వాళ్లది, ఎవరి పరువు వాళ్లది. అందుకని ఒకే కారుకు రెండు పేర్లు పెట్టారు. ఆస్టిన్ డీలర్ దగ్గర ఆస్టిన్ సెవెన్, మోరిస్ డీలర్ దగ్గర మోరిస్ మినీ మైనర్. ముందు గ్రిల్లు, బ్యాడ్జి తేడా, కొన్ని రంగులు తేడా, అంతే.

ప్రకటనలు కూడా రెండు జట్లు. మోరిస్ వాళ్లు "చక్రాల మీద ఇంద్రజాలం" అనే అర్థం వచ్చే మాట వేశారు, ఆస్టిన్ వాళ్లు నమ్మలేరు, ఇలాంటి చిన్న కారు మీరు చూసి ఉండరు అనే దారిలో వెళ్లారు. ఒకే కారుకి రెండు కథలు అన్నమాట. మీ పేజీ ఆస్టిన్ వాళ్లది.

నేను ఉండేది లాంగ్‌బ్రిడ్జ్‌కి దగ్గర్లోనే. అక్కడి ఆస్టిన్ ఫ్యాక్టరీ ఉన్న చోట ఇప్పుడు చాలా భాగం షాపులు, ఇళ్లు. గేడన్‌లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది, మొట్టమొదటి మోరిస్ మినీ మైనర్ అక్కడే పెట్టారు, దాని పక్కన నిలబడితే నా నడుం దాటి కొంచెం పైకి వచ్చింది అంతే.

లెక్కల_మాస్టారు
ఏడు అనే అంకె ఎందుకొచ్చిందో చెప్పాలి, ఎందుకంటే ఆ రోజుల్లో యాడ్స్ అన్నీ ఆ అంకె చుట్టూనే తిరిగాయి. 1921 నుంచి బ్రిటన్‌లో కారు మీద ఏటా హార్స్‌పవర్‌కి 1 పౌండు చొప్పున పన్ను. అయితే ఆ హార్స్‌పవర్ ఇంజన్‌ని నడిపి కొలిచింది కాదు, కాగితం మీద లెక్క: సిలిండర్ వ్యాసం అంగుళాల్లో తీసుకుని, వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగించాలి. పాత సెవెన్ 747 సీసీ ఇంజన్‌కి వ్యాసం 56 మిల్లీమీటర్లు, అంటే సుమారు 2.2 అంగుళాలు, నాలుగు సిలిండర్లు, చేసి చూడండి 7.8 వస్తుంది. ఆ 7.8ని ఏడు అని పిలిచారు. మోరిస్ ఎయిట్, ఆస్టిన్ టెన్ లాంటి పేర్లన్నీ అలా వచ్చినవే. కారు పేరు చదివితే ఏటా కట్టాల్సిన పన్ను సుమారుగా తెలిసిపోయేది, ఇంతకంటే సూటిగా ఉండే ప్రకటన ఇంకేముంటుంది!

ఇంకో సంగతి, ఆ లెక్కలో పిస్టన్ ఎంత దూరం కదులుతుందో లేదు. అందుకే బ్రిటిష్ వాళ్లు సన్నటి పొడవాటి సిలిండర్లు చేసుకుంటూ పోయారు. ఈ లెక్కని యుద్ధం తర్వాత ఎత్తేసి, 1948లో కొత్త కార్లన్నిటికీ ఒకటే 10 పౌండ్లు పెట్టారు.

అంటే 1959లో సెవెన్ అనే పేరుకి పన్నుతో సంబంధమే లేదు. 848 సీసీ కారు అది. మరి ఆ పేరు ఎందుకు పెట్టారంటే, నాన్న నడిపిన కారు గుర్తు రావాలని. 1939 వరకు పాత సెవెన్‌లు దాదాపు 2,90,000 తయారయ్యాయి, బ్రిటన్‌లో ఒక తరం మొత్తం డ్రైవింగ్ నేర్చుకుంది వాటి మీదే.

హెరాల్డ్_తాతయ్య
మాస్టారు గారూ, దాన్ని మా రాజమండ్రిలో ఎవరూ సెవెన్ అనలేదు. బేబీ ఆస్టిన్ అనేవారు. మా చిన్నప్పుడు వీధి చివర డాక్టరు గారికి ఉండేది, ఉదయం స్టార్ట్ కాకపోతే పిల్లలందరం వెనక నుంచి తోసేవాళ్లం, ఇద్దరు పిల్లలు తోసినా కదిలేది, అంత తేలిక. తర్వాత మోరిస్ మైనర్‌నే కలకత్తా హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బేబీ హిందుస్థాన్ అని అమ్మారు. జనానికి చిన్న కారంటే బేబీయే.

సుజాత_పాతకాగితాలు
అయ్యో, మరి వందేళ్లు కాదన్నమాట. సర్లెండి, 1959 అయినా తక్కువేం కాదు. కానీ కచ్చితంగా 1959 అని ఎలా చెప్పాలి? 60 కావచ్చు, 65 కావచ్చు కదా.

లెక్కల_మాస్టారు
మీ కాగితంలోనే ఉంది అమ్మా. రెండు ఆధారాలు.

ఒకటి పేరు. 1962 జనవరి నుంచి ఆస్టిన్ వాళ్లు సెవెన్ పేరు వదిలేసి ఆస్టిన్ మినీ అని మార్చేశారు. కాబట్టి 62కి ముందుది.

రెండోది పన్ను. 350 మీద 146 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు. విచిత్రంగా ఉంది కదా, 350కి ఏ శాతం వేసినా గుండ్రంగా ఇది రాదు. ఎందుకంటే పర్చేజ్ టాక్స్ షోరూమ్ ధర మీద వేయరు, డీలర్ కొనే టోకు ధర మీద వేస్తారు. 1959 ఏప్రిల్ బడ్జెట్లో కార్ల మీద ఆ పన్ను 60 నుంచి 50 శాతానికి తగ్గించారు, నాలుగు నెలలకి మినీ వచ్చింది. 1961 జూలైలో మళ్లీ 55కి పెంచారు. మీ కాగితంలో ఉన్నది 50 శాతం నాటి అంకె. అంటే 1959 ఆగస్టు చివర నుంచి 1961 జూలై లోపు.

మొత్తం కలిపితే 496 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు, అంటే 497కి 10 పెన్నీలు తక్కువ. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, మన రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు ఉన్నట్టే. మనం 1957లో నయాపైసకి మారాం, వాళ్లు 1971 దాకా ఆ లెక్కలే మోశారు.

విజయవాడ_ప్రెస్
సుజాత గారూ, వెనక పక్క ఏముంది? ఇది ముందు అడగాలి అసలు. పత్రికలోంచి చింపిన కాగితానికి వెనక తప్పకుండా ఏదో ఒకటి ఉంటుంది. వెనక ఖాళీగా తెల్లగా ఉంటే, ఈ మధ్య వేసిన కాపీ అయి ఉండే అవకాశం ఎక్కువ. ఇంకోటి, భూతద్దం పెట్టి ఎర్ర రంగు మీద చూడండి. పాత నాలుగు రంగుల అచ్చులో చుక్కలు వరుసగా పువ్వుల్లా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే చుక్కలకి వరుస ఉండదు, చల్లినట్టు ఉంటాయి.

సుజాత_పాతకాగితాలు
మా అబ్బాయి స్టాంపులు చూసే భూతద్దంతో చూశాను, పువ్వుల్లానే ఉన్నాయి! వెనక పక్క నలుపు తెలుపులో ఇంకో కారు యాడ్ సగం పేజీ ఉంది, ఫోర్డ్ అని ఉంది, ఆ కారుకి వెనక అద్దం విచిత్రంగా లోపలికి వాలి ఉంది, తలకిందులు చేసినట్టు. మిగతా సగం ఏదో సబ్బు.

బర్మింగ్‌హామ్_శ్రీను
అది ఫోర్డ్ ఆంగ్లియా 105ఈ! ఆ వాలు అద్దం దాని గుర్తు, వాన పడ్డా వెనక అద్దం మీద నీళ్లు నిలవవు అనేవాళ్లు. అది మినీ వచ్చిన నెల తర్వాత 1959 శరదృతువులో వచ్చింది. కాబట్టి మీ కాగితం 1959 అక్టోబర్‌కీ 1961 జూలైకీ మధ్యది. ఒకే కాగితానికి ఇటు మినీ అటు ఆంగ్లియా అంటే ఆ రెండేళ్ల పోటీ మొత్తం మీ చేతిలో ఉంది. నాకైతే చాలా అసూయగా ఉంది.

నెల్లూరు_బాషా_మెకానిక్
నేను పాత కార్లు రిపేరు చేస్తాను, యాడ్స్ గురించి పెద్దగా తెలీదు గానీ ఒక మాట. ఆ యాడ్‌లో పెట్టెలన్నీ బయట పెట్టి చూపించారన్నారు కదా, అది అబద్ధం కాదు. కారు 10 అడుగులే, అయినా నలుగురు పెద్దవాళ్లు పడతారు. కారణం ఇంజన్‌ని అడ్డంగా పెట్టడం, గేర్‌బాక్స్‌ని ఇంజన్ కింద ఆయిల్ సంపులోకి తోయడం, చక్రాలు 10 అంగుళాలకి తగ్గించడం, స్ప్రింగుల బదులు రబ్బరు కోన్‌లు వాడటం. కారు నేల జాగాలో 80 శాతం మనుషులకీ సామానుకీ వదిలారు. మినీని డిజైన్ చేసిన ఇంజనీరు ఇసిగోనిస్ గారి పనితనం అది. ఇంజన్‌కీ గేర్లకీ ఒకటే ఆయిల్ కాబట్టి ఆయిల్ టైముకి మార్చకపోతే రెండూ పోతాయి, ఆ ముక్క ఏ యాడ్‌లోనూ పెద్దక్షరాల్లో ఉండదు!

యాడ్‌లో చెప్పనివి ఇంకా ఉన్నాయి. మొదటి మినీల్లో వానొస్తే కాళ్ల కింద నీళ్లు. నేల రేకుల జాయింట్ తప్పు దిక్కుకి పెట్టారు, ముందు నుంచి కొట్టే నీళ్లు నేరుగా లోపలికే. తర్వాత సరిచేశారనుకోండి. మీరు చెప్పిన 496 పౌండ్ల బేసిక్ మోడల్లో హీటర్ కూడా లేదు. ఇంగ్లండ్ చలిలో! హీటరు కావాలంటే అదనంగా కట్టాలి.

లెక్కల_మాస్టారు
బాషా గారూ, అది నిజమే, కానీ దాన్ని మోసం అనలేం. ధర, పన్ను విడివిడిగా రాశారు, ఏది అదనమో బ్రోచర్‌లో ఉంటుంది. ఇవాళ "ఆన్‌రోడ్ ధర" తెలుసుకోవడానికి మనం షోరూమ్ చుట్టూ మూడుసార్లు తిరగాలి. అరవై ఏళ్ల కిందటి ఆ కాగితం పెన్నీతో సహా చెప్పేసింది.

నెల్లూరు_బాషా_మెకానిక్
మోసం అనలేదు మాస్టారూ. చెప్పిన దాంట్లో నిజం ఉంది, చెప్పనిది కొన్నవాడి పాదాలకి తెలిసింది అంటున్నా.

బర్మింగ్‌హామ్_శ్రీను
ఈ తక్కువ ధర చూపించే పద్ధతి ఇంకా పాతది. 1931లో మోరిస్ వాళ్లు మైనర్ టూ సీటర్‌ని సరిగ్గా 100 పౌండ్లకి పెట్టారు. పేపర్లలో ఆ వంద అంకె అంత పెద్దగా కొట్టారు. హంగులన్నీ తీసేసిన కారు అది, వంద చూసి షోరూమ్‌కి వచ్చినవాళ్లు ఇంకొంచెం వేసి మంచి మోడల్ కొనుక్కుపోయేవారు. ఆ వంద పని అదే, గుమ్మం దాటించడం. 1935లో ఫోర్డ్ వాళ్లు ఇంకో అడుగు వేసి పైకప్పు, తలుపులు అన్నీ ఉన్న నలుగురి కారు మోడల్ వై ని 100 పౌండ్లకి ఇచ్చారు, బ్రిటన్‌లో మళ్లీ ఎవరూ ఆ పని చేయలేకపోయారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం 1920ల నాటి ఆస్టిన్ సెవెన్ పోస్టర్. ట్రామ్ ఛార్జీతో సముద్రానికీ పల్లెకీ కారులో వెళ్లండి అని. దాంట్లో ఇంజన్ ఊసే లేదు. ట్రామ్ ఎక్కి ఫ్యాక్టరీకి వెళ్లి మళ్లీ ట్రామ్ ఎక్కి ఇంటికొచ్చే మనిషికి ఆ ఒక్క మాట చాలు. అప్పటిదాకా పెళ్లాం పిల్లలతో బయటికి వెళ్లాలంటే మోటార్‌సైకిల్‌కి సైడ్‌కారు తగిలించుకుని వానలో తడుస్తూ వెళ్లేవాళ్లు, వాళ్లనే లాగాలని ఆస్టిన్ ఆలోచన.

విజయవాడ_ప్రెస్
సైడ్‌కారు మనిషిని లాగడం అంటే గుర్తొచ్చింది, జోవెట్ అని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక కంపెనీ ఉండేది, రెండు సిలిండర్ల బుల్లి ఇంజన్. వాళ్ల నినాదం "పెద్ద లాగుడున్న చిన్న ఇంజన్" అని. దాన్ని తెలుగు చేయమంటే నేను ఒక్క క్షణం ఆలోచించను, పిట్ట కొంచెం కూత ఘనం!

అచ్చు సంగతి కూడా ఒకటి చెప్తా. యుద్ధానికి ముందూ తర్వాత 50ల దాకా ఈ యాడ్స్‌లో ఎక్కువ భాగం ఫోటోలు కావు, చేత్తో వేసిన బొమ్మలు. స్కేలు పెట్టి కొలవండి, చాలా బొమ్మల్లో కారు అసలు కంటే పొడవుగా, నేలకి దగ్గరగా ఉంటుంది, లోపల మనుషుల తలలు మాత్రం నిమ్మకాయలంత. చిన్న కారుని పెద్దగా చూపించడానికి మనుషుల్ని కుదించేవారు. మినీ యాడ్స్ దగ్గరికి వచ్చేసరికి ఆ అవసరం పోయింది, చిన్నదని గర్వంగా చెప్పుకోవచ్చు, మనిషిని మనిషంతే పక్కన నిలబెట్టారు. సుజాత గారి పేజీలో కుటుంబం కారు పక్కనే ఉందన్నారు కదా, వాళ్ల ఎత్తు చూడండి.

సుజాత_పాతకాగితాలు
నిజమే! కారు పైకప్పు ఆవిడ భుజం కంటే బాగా కిందకే ఉంది. ఇప్పుడే చూశాను, ఇన్ని రోజులూ గమనించలేదు.

ఇంకో విషయం, స్టీరింగ్ దగ్గర తలుపు తెరిచి పట్టుకున్నది ఆవిడే. ఆయన పెట్టె పట్టుకుని వెనక ఉన్నాడు. నాకు అది చాలా నచ్చింది.

కాకినాడ_చిన్ని
కొత్త మెంబర్‌ని. సారీ, ఒక డౌట్. 1959లోనే ఇంత చిన్న కారు ఎందుకు కావాల్సి వచ్చింది వాళ్లకి?

లెక్కల_మాస్టారు
పెట్రోలు బాబూ. 1956లో ఈజిప్టు సూయెజ్ కాలువని జాతీయం చేసింది, యుద్ధం, కాలువ మూత. బ్రిటన్‌లో 1956 డిసెంబర్ నుంచి 1957 మే దాకా పెట్రోలుకి రేషన్ కూపన్లు. అప్పుడు జర్మనీ నుంచి బబుల్ కార్లని గుడ్డులాంటి బండ్లు వచ్చి రోడ్ల మీద తిరగసాగాయి. బీఎంసీ అధిపతి లియొనార్డ్ లార్డ్‌కి అవి చూస్తే ఒళ్లు మండేది, అసలైన చిన్న కారు చేసి వాటిని రోడ్డు మీద లేకుండా చేయమని ఇసిగోనిస్‌కి చెప్పాడు. రెండున్నరేళ్లలో కారు షోరూమ్‌లో ఉంది. గ్యాలన్‌కి 50 మైళ్ల దాకా అని యాడ్స్‌లో అంత గట్టిగా కొట్టింది అందుకే. మన లెక్కలో లీటరుకి 17.7 కిలోమీటర్లు, వాళ్ల గ్యాలన్ 4.546 లీటర్లు కాబట్టి.

బర్మింగ్‌హామ్_శ్రీను
చిన్నదనం గురించి అయితే పీల్ పీ50 ని మర్చిపోకూడదు. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో 1962 నుంచి చేశారు, పొడవు 1.37 మీటర్లు, మూడు చక్రాలు, 49 సీసీ, ధర 199 పౌండ్లు. రివర్స్ గేరు లేదు, వెనక పిడి పట్టుకుని మనిషే తిప్పుకోవాలి. దాని ప్రచారం మాట, నడవడం కంటే దాదాపు చవక అని. ఒక పెద్ద మనిషి, ఒక సంచీ పడతాయని చెప్పుకున్నారు. ఆ మాటల్లో ఒక్కటీ దాచింది లేదు, నాకు ఆ నిజాయితీ చూస్తే గౌరవం.

హెరాల్డ్_తాతయ్య
ఇక నా వంతు. నా పేరు చూసే ఉంటారు. ట్రయంఫ్ హెరాల్డ్ కూడా ఆ 1959 లోనే ఇంగ్లండ్‌లో వచ్చింది, గీసింది మికెలొట్టి అనే ఇటలీ ఆయన. దాని యాడ్స్‌లో ఎక్కువగా కొట్టింది 25 అడుగుల వలయంలో తిరుగుతుందని, లండన్ టాక్సీలాగా. ఇది గాలి మాట కాదు. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో చేశారు, నేను 1974లో సెకండ్ హ్యాండ్ కొన్నాను. మా వీధి ఎంత ఇరుకంటే ఎదురుగా అంబాసిడర్ వస్తే వాడు చివరి దాకా రివర్స్‌లో పోవాల్సిందే, నేను హెరాల్డ్‌ని గుడి ముందు ఒకే తిప్పుడులో తిప్పేవాణ్ని. కొత్తగా పెళ్లయిన రోజులు, మా ఆవిడ పక్కన కూర్చుని ఉంటే ఆ తిప్పుడు ఇంకొంచెం స్టైల్‌గా వచ్చేది.

ఇక్కడ ఒక తేడా ఉంది. ఇంగ్లండ్‌లో అమ్మేవాడు కొనేవాణ్ని బతిమాలేవాడు. మన దగ్గర ఆ రోజుల్లో కొత్త కారుకి బుక్ చేసుకుని ఎదురు చూడాలి, డబ్బు చేతిలో ఉన్నా బండి ఉండదు. అందుకే నేను మా మద్రాస్ బ్రోచర్ ఎన్నిసార్లు చదివానో, కారు లేనప్పుడు ఆ బొమ్మే కారు.

నెల్లూరు_బాషా_మెకానిక్
తాతయ్య గారూ, హెరాల్డ్ అంటే మా మెకానిక్‌లకి ప్రాణం. బానెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకి లేస్తుంది. ముందు చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. మా నాన్న అలాగే నాకు టాపెట్లు సెట్ చేయడం నేర్పాడు. వెనక చక్రాలే కొంచెం, మూలల్లో స్పీడుగా తిప్పితే లోపలికి మడుచుకునేవి. మీ బ్రోచర్ ఇంకా ఉందా?

హెరాల్డ్_తాతయ్య
ఉంది బాబూ, బీరువాలో పెళ్లి శుభలేఖల కింద. మడతల దగ్గర చిరిగింది. ప్లాస్టిక్ టేపు వేసి అతికిద్దామనుకుంటున్నా.

విజయవాడ_ప్రెస్
తాతయ్య గారూ వద్దు!! దయచేసి టేపు వేయకండి. పదేళ్లకి జిగురు పసుపుగా మారి కాగితంలోకి దిగిపోతుంది, తీయబోతే బొమ్మ ఊడి వస్తుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి వేడికి కరిగిన ప్లాస్టిక్ పట్టుకుందంటే మళ్లీ వేరు చేయలేరు. ఇద్దరికీ చెప్తున్నా. యాసిడ్ లేని కాగితం మధ్య పెట్టి, పైన పాలిస్టర్ కవరు, బల్లపరుపుగా, ఎండ తగలని చోట. గోడకి పెట్టాలంటే స్కాన్ చేసి ఆ కాపీని పెట్టుకోండి, ఎరుపు రంగు ఎండకి అన్నిటికంటే ముందు పోతుంది.

సుజాత_పాతకాగితాలు
అమ్మో, నేను రేపు లామినేషన్ షాపుకి వెళ్దామనుకున్నాను. ఆపేశాను. చాలా థాంక్స్ అండీ.

ఒక్కటి మాత్రం ఇంకా అర్థం కాలేదు. అంత ఖర్చు పెట్టి సెవెన్ అని పెద్దక్షరాల్లో వేసుకున్నవాళ్లు రెండేళ్లకే ఎందుకు వదిలేశారు?

బర్మింగ్‌హామ్_శ్రీను
జనం పిలవలేదండీ, అంతే. కంపెనీ ఎంత అచ్చు వేసినా, ఆస్టిన్ షోరూమ్‌లో కొన్నవాళ్లు కూడా మినీ అనే అన్నారు. మోరిస్ పేరులో ఉన్న ఆ రెండక్షరాలు వీధికి నచ్చాయి. నాన్న కారు పేరు కొడుక్కి అక్కర్లేకపోయింది. 62లో ఆస్టిన్ వాళ్లు దిగొచ్చారు. 1964లో మోంటే కార్లో కార్ల ర్యాలీలో పాడీ హాప్‌కిర్క్ మినీ నడిపి గెలిచాక ఇక వేరే పేరు ఎవరికీ గుర్తు కూడా లేదు. 2000 అక్టోబర్‌లో చివరి బండి ఇదే లాంగ్‌బ్రిడ్జ్ నుంచి బయటికొచ్చే సమయానికి మొత్తం 53 లక్షలు దాటాయి.

అందుకే మీ కాగితం నాకు అంత విలువైనదిగా కనిపిస్తోంది. మినీ యాడ్స్ వేలల్లో దొరుకుతాయి. జనం ఒప్పుకోని పేరుతో ఉన్నది ఆ రెండేళ్లదే.

హెరాల్డ్_తాతయ్య
బేబీ ఆస్టిన్ సంగతి నేను ముందే చెప్పాగా, పేరు పెట్టేది వీధే.

సుజాతమ్మా, మా మనవడు దసరా సెలవులకి వస్తాడు, బ్రోచర్ నాలుగు పేజీలూ ఫోటో తీయించి ఇక్కడ పెడతాను. చివరి పేజీలో ధర దగ్గర నేను పెన్సిల్‌తో వేసుకున్న కూడికలు ఉన్నాయి, అవి చెరపాలా, ఉంచాలా?

విజయవాడ_ప్రెస్
ఉంచండి. రబ్బరు దగ్గరికి కూడా తీసుకురావద్దు.

లెక్కల_మాస్టారు
ముందు ఆ పేజీయే పెట్టండి తాతయ్య గారూ.